ఏడాదికోసారి కడిగిన హారం

ఓలోమోట్స్,
1987 మార్చి 2

గౌరవనీయులైన శ్రీమతి బ్లాజెనా ప్లెష్తిలొవా గారికి,

మీరు పెంచిన మీ అక్క కొడుకు ఓటకర్‌కీ, మా అమ్మాయి రాద్కాకీ జూన్‌లో పెళ్ళి అనుకున్నాం కాబట్టి, మనం ఒకరి మొహం ఒకరు చూడకపోయినా చనువు తీసుకుని రాస్తున్నాను. ఓటకర్ మంచివాడే. ట్రాము నడిపేవాడికి ఆకలి ఎక్కువని విన్నాను గానీ, ఇంత అని ఎవరూ చెప్పలేదు. ఆదివారం మా ఇంట్లో ఉడికించిన పిండి ఉండలు తొమ్మిది తిని, మొహమాటపడి ఆపేశానన్నాడు.

మీరు యాబ్లొనెట్స్‌లో నగల రాళ్ళు ఏరే పనిలో జీవితమంతా గడిపారనీ, మీ బల్ల మీద నుంచి చెడ్డ రాయి ఒక్కటి కూడా దాటిపోలేదనీ అతనే చెప్పాడు. నాకు మీతో పడిన పని అదే.

నా దగ్గర ఒక క్రిస్టల్ హారం ఉంది. మందుల షాపు నడిపిన మా ఆయన హినెక్, పెళ్ళయిన కొత్తలో నాకు తెచ్చిపెట్టాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. నేను ఆ హారం పెట్టుకోని పెళ్ళి గానీ నాటకం గానీ ఈ ఊళ్ళో లేదు. ఇప్పుడు దాన్ని రాద్కా మెడలో వెయ్యాలని నా కోరిక. ఇంతలో మా ఆడపడుచు వ్లాస్తా కాఫీకి వచ్చి, రెండో కప్పు పోయించుకుంటూ, "వదినా, ఏమీ అనుకోకు. అది అచ్చులో పోసిన గాజు. అన్నయ్యకి దగ్గుమందు గురించి తెలుసు గానీ రాళ్ళ గురించి ఏం తెలుసు?" అంది. ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు.

హినెక్ నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదన్న నమ్మకంతో ఇన్నాళ్ళూ బతికాను. హారం నకిలీదైతే ఆ నమ్మకానికి కూడా భూతద్దం పెట్టాల్సి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తట్టుకుంటాను.

మీ వియ్యపురాలు కాబోతున్న
హెర్మీనా జవదిలొవా

తా.క. పెళ్ళి పిలుపులతో పాటు ఇంటింటికీ పంచే కొలాచ్ తీపి రొట్టెలకి ఆల్బుఖారా ముద్ద సిద్ధం చేసుకున్నాను. పిండి ఇంకా కలపలేదు. మీ జవాబు చూసి కలుపుతాను.


యాబ్లొనెట్స్,
మార్చి 9

వదినగారికి,

కాబోయే అనే మాట తీసేస్తున్నాను. తొమ్మిది ఉండలు పెట్టాక మనం చుట్టాలమైపోయినట్టే. మా ఇంట్లో వాడు పన్నెండు తింటాడు. అంటే మొహమాటపడ్డ మాట నిజమే.

హారం పంపేముందు మీరే నాలుగు పరీక్షలు చెయ్యండి. చెంపకి ఆనించండి. మంచి క్రిస్టల్ చల్లగా ఉండి ఓ పట్టాన వేడెక్కదు. చేతిలో తూచి చూడండి, ఉండాల్సిన దానికంటే కాస్త బరువనిపించాలి. తర్వాత భూతద్దం పట్టుకోండి. చెక్కిన రాయికి పలకల అంచులు పదునుగా, గీసినట్టుంటాయి. అచ్చు రాయికి అంచులు చప్పరించి వదిలేసిన మిఠాయిలా మొద్దుబారి ఉంటాయి. లోపల గాలి బుడగ కనిపిస్తే ఇంక నాకు పంపక్కర్లేదు.

ఇక జాగ్రత్తలు. ముస్తాబంతా అయ్యాక, సెంటు ఆరాక, చివర్న హారం పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక అన్నిటికంటే ముందు దాన్నే తియ్యాలి. నీళ్ళలో నానెయ్యకూడదు, రాళ్ళ వెనక ఉండే వెండి పూత లేచిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, మెత్తటి బట్టలో విడిగా చుట్టి పెట్టాలి. వేరే నగలతో కలిపి పడేస్తే ఒకదాన్నొకటి గీసుకుంటాయి. మొత్తం పావుగంట పని.

మీ
బ్లాజెనా

తా.క. పళ్ళపొడితో తోమమని ఎవరైనా చెబుతారు. తోమినవాళ్ళంతా తర్వాత ఏడుస్తూ నా దగ్గరికి వచ్చారు. నాకు ఓదార్చడం చేతకాదు, ముందే చెబుతున్నాను.


ఓలోమోట్స్,
మార్చి 16

వదినగారికి,

పరీక్షలన్నీ చేశాను. చెంపకి ఆనిస్తే చల్లగా ఉంది. అయితే మార్చి నెలలో మా ఇంట్లో ఏది ఆనించుకున్నా చల్లగానే ఉంటుంది. గరిటె కూడా అసలైన క్రిస్టల్ అని తేలింది. బరువుగానే ఉంది, కానీ దేంతో పోల్చాలో తెలియలేదు. హినెక్ స్టాంపులు చూసుకునే భూతద్దం పెట్టి చూస్తే కొన్ని అంచులు పదునుగా, కొన్ని మొద్దుగా కనిపించాయి. ఆ తేడా రాళ్ళది కాదు, నా కళ్ళద్దాలదే అయ్యుంటుంది. మార్పించుకోవాలి.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. తుడవడం పావుగంట పని అన్నారు. మా ఆయన ఏటా మా పెళ్ళిరోజుకి ముందు హారాన్ని కడుగుతానని షాపుకి పట్టుకెళ్ళేవాడు. వారం రోజులు అక్కడే ఉంచేవాడు. "నీకు దీన్ని కడగడం రాదు హెర్మీనా, దీనికి డిస్టిల్డ్ వాటర్ కావాలి" అనేవాడు. భార్య నగ తనే కడిగే మగవాడు ఊళ్ళో ఇంకొకడు లేడని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని.

పావుగంట పనికి వారం ఎందుకు పట్టింది, వదినగారూ? షాపులో లుద్మిలా అని ఒక సహాయకురాలు ఉండేది. పొడగరి. మెడ చాలా బాగుండేది. నేనేమీ అనడం లేదు.

హారం ఈ పార్సిల్లోనే పంపుతున్నాను. ఖాళీ చోటు ఉంచడం ఎందుకని మా ఊరి జున్ను కూడా పెట్టాను.

మీ
హెర్మీనా

తా.క. ఒక మెడ వారం రోజులు హారం పెట్టుకుంటే భూతద్దంలో ఆ గుర్తు తెలుస్తుందా?


యాబ్లొనెట్స్,
మార్చి 25

వదినగారికి,

పార్సిల్ అందింది. మా పోస్టుమాన్ దాన్ని ఒక కర్రకి తగిలించుకుని తెచ్చాడు. మీ ఊరి జున్ను వాసన గురించి విన్నాను గానీ, అది పోస్టుమాన్ కంటే ముందు తలుపు తడుతుందనుకోలేదు. రుచి మాత్రం బ్రహ్మాండం. క్రిస్టల్‌కి వాసన పట్టదు, తుడిస్తే పోతుంది. పెట్టె అట్టకి పట్టింది. దాన్ని కొట్టంలో పెట్టాను, మేక అటువైపు వెళ్ళడం లేదు.

హారం చూశాను. కిటికీ వెలుగులో చూశాను, దీపం కింద చూశాను. నిక్షేపంలాంటి అసలు సరుకు. ఒక్కో రాయినీ చేత్తో చెక్కిన పనితనం. మీ ఆయన చెయ్యి మంచిది, మనసు ఇంకా మంచిది. వ్లాస్తా గారిని ఈసారి మూడో కప్పు కాఫీ తాగమనండి.

కడగడం సంగతి నేను తొందరపడి రాశాను. పావుగంట అన్నది మామూలు హారాల మాట. ఇంత గొప్ప హారానికి వారం పడుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి కూడా. లుద్మిలా గారి మెడని వదిలెయ్యండి. హారం దీంతో పాటే తిరిగి పంపుతున్నాను. పిండి కలపండి.

మీ
బ్లాజెనా

తా.క. భూతద్దంలో మెడల గుర్తులు తెలియవు. తెలిస్తే మా కార్ఖానాలో సగం కాపురాలు కూలిపోయేవి.


ఓలోమోట్స్,
మార్చి 31

శ్రీమతి ప్లెష్తిలొవా గారికి,

మీరు నిక్షేపం అన్న ఆ అసలు సరుకు, మా రైల్వే స్టేషన్‌లో బీరూ సాసేజీలూ అమ్మే బడ్డీలో, దువ్వెనల పక్కన వేలాడుతుంటే కొన్నాను. కొని పదిహేను రోజులు దాటింది. బడ్డీవాడు దాంతో పాటు ఒక దువ్వెన ఊరికే ఇచ్చాడు.

నా హారం నా బీరువాలోనే ఉంది. పిల్లనిచ్చే తల్లిని, అవతలివాళ్ళ మాట నిజమో కాదో చూసుకోవడం నా బాధ్యత. చూసుకున్నాను. రాళ్ళు చూడటమే మీ బతుకని ఓటకర్ చెప్పాడు. దువ్వెనల పక్కన వేలాడిన గాజుని చేత్తో చెక్కిన పనితనం అన్నారు. మీకు కళ్ళైనా కనబడకపోవాలి, లేదా అబద్ధమైనా చెప్పి ఉండాలి. ఇంతకీ హారం కడగడానికి పావుగంటా, వారమా? మొదటి ఉత్తరంలో ఒకటి, రెండో ఉత్తరంలో ఒకటి. ఏ మాట పట్టుకోమంటారు?

రాద్కా రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఓటకర్ నిన్న వచ్చి మూడే ఉండలు తిన్నాడు. నాకూ బాధగానే ఉంది. అయినా అబద్ధాలాడే ఇంటికి నా కూతుర్ని ఎలా పంపను? ఆల్బుఖారా ముద్ద సీసాల్లోకి తీసి మూతలు పెట్టేశాను.

హెర్మీనా జవదిలొవా

తా.క. దువ్వెన పళ్ళు అప్పుడే మూడు ఊడిపోయాయి.


యాబ్లొనెట్స్,
ఏప్రిల్ 5

వదినగారికి,

మీరు కోపంతో పేరు మార్చి పిలిచినా నేను మార్చను.

నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. కాగితం విప్పుతుండగానే అది అచ్చు గాజని తెలిసింది. భూతద్దం తియ్యాల్సిన అవసరం కూడా రాలేదు. అబద్ధమే చెప్పాను. ఎందుకు చెప్పానో వినండి.

నేను జీవితమంతా చేసిన పని ఒకటే. మంచి రాయి కుడివైపు, చెడ్డ రాయి ఎడమవైపు. ఎడమవైపు పడేసిన రాళ్ళ కోసం ఒక్క రోజు బాధపడలేదు. కానీ ఆ రోజు నా బల్ల మీద ఉన్నది ఉత్త రాయిలా కనిపించలేదు. మీరు ఉత్తరంలో మీ ఆయన గురించి రాసినదంతా దాంతో పాటు ఉంది. ఆ గాజుని ఎడమవైపు పడేస్తే, ఆయన్ని కూడా అటే పడేసినట్టవుతుంది అనిపించింది. నా వల్ల కాలేదు. పోయినవాళ్ళ తరఫున ఒక అబద్ధం ఆడితే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. మీరు స్టేషన్‌కి వెళ్ళి వస్తారని నాకెలా తెలుస్తుంది?

నాకు మీరు పరీక్ష పెట్టడం న్యాయమే. నేనైనా అదే చేసేదాన్ని. నాకు భయంగా ఉన్నది ఒకటే. నా తప్పుకి పిల్లలు బలైపోతారేమోనని. ఓటకర్ మూడే ఉండలు తిన్నాడని చదివి కూర్చుండిపోయాను.

ఇప్పుడు చిక్కేమిటంటే, మీ అసలు హారం పంపి నేను బాగుందన్నా మీరు నమ్మరు, జాలిపడి అన్నానంటారు. మా కార్ఖానాలో ఏరేవాళ్ళ మీద అనుమానం వస్తే ఒక పద్ధతి ఉండేది. రాళ్ళు ఎవరివో చెప్పకుండా కలిపేసి ముందు పోసేవారు. మీరూ అలాగే చెయ్యండి. మీ హారంతో పాటు ఇంకో రెండు పెట్టి, రంగు దారాలు కట్టి పంపండి. ఏది ఎవరిదో నాకు చెప్పొద్దు. ఎవరి మీద జాలిపడాలో తెలియకపోతే నేను నిజమే రాస్తాను.

మీ
బ్లాజెనా

తా.క. హారం కడగడానికి పావుగంటే.


ఓలోమోట్స్,
ఏప్రిల్ 12

వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. కోపం పూర్తిగా పోయిందని కాదు. పేరు మాత్రం మళ్ళీ మార్చాను, గమనించే ఉంటారు.

మూడు హారాలు పంపుతున్నాను. ఎర్ర దారం, పచ్చ దారం, పసుపు దారం. ఒకటి నాది, ఒకటి స్టేషన్‌ది, ఒకటి వ్లాస్తాది. పెళ్ళికి మెరుగు పెట్టిస్తానని చెప్పి అడిగి తెచ్చాను. తనది అచ్చమైన క్రిస్టల్ అనీ, పాడుచేస్తే ఊరుకోననీ చెప్పి ఇచ్చింది.

ఈసారి నిజం రాయండి. లుద్మిలా మెడ నా కలలోకి వస్తోంది.

మీ
హెర్మీనా

తా.క. ఈసారి జున్ను పెట్టలేదు. శిక్ష అనుకోండి.


యాబ్లొనెట్స్,
ఏప్రిల్ 20

వదినగారికి,

మూడూ చూశాను, దీంతో పాటే తిరిగి పంపుతున్నాను. జాలి పక్కన పెట్టి రాస్తున్నాను.

ఎర్ర దారం స్టేషన్‌ది. ఇది నా గొప్పతనం కాదు, దానికి ఇంకా జున్ను వాసన వస్తోంది.

పచ్చ దారం మంచి అచ్చులో పోసిన గాజు. ఆదివారాలకి పనికొస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

పసుపు దారం చూసి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అందులో సగానికి పైగా రాళ్ళు అసలైనవి. అవి చెక్కింది మా ఊరివాళ్ళే, నాకా చేతులు తెలుసు. అలాంటివి ఎగుమతి పెట్టెల్లోకి వెళ్ళేవి, దేశంలో ఎవరికీ దొరికేవి కావు. మిగిలినవి ఉత్త అచ్చు గాజు. అంతే కాదు, అసలువన్నీ ముందువైపు ఉన్నాయి. నకిలీవన్నీ మెడ వెనక, జుట్టు కింద పడే చోట ఉన్నాయి. దొంగ తెలివైనవాడు. కనబడని చోట చూసి ఒక్కొక్క మంచి రాయీ తీసుకుని గాజు ముక్క పెట్టాడు. ఈ హారం ఎవరిదో గానీ, వాళ్ళని చాలా ఏళ్ళుగా ఎవరో దోచుకున్నారు.

పాపం అనిపిస్తోంది. ఎవరి మీదో తెలియదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

మీ
బ్లాజెనా

తా.క. పసుపు దారం వ్లాస్తా గారిదైతే మెల్లగా చెప్పండి. మరీ మెల్లగా అక్కర్లేదు.


ఓలోమోట్స్,
మే 4

వదినా,

పసుపు దారం నాది.

మీ ఉత్తరం చదివాక గొడుగు తీసుకుని బయల్దేరాను. వాన లేదు. లుద్మిలా ఇప్పుడు రిటైరై నది పక్కన ఒక్కతే ఉంటోంది. ఏటా వారం రోజులు నా హారం షాపులో ఉంది, ఏటా ఒక మంచి రాయి మాయమైంది, షాపులో ఉన్నది వాళ్ళిద్దరే. దారంతా ఏం అడగాలో అనుకుంటూ వెళ్ళాను. తలుపు తీసింది. మెడ ఇప్పటికీ బాగానే ఉంది, ఒప్పుకుంటున్నాను.

"నా రాళ్ళు ఏవి?" అన్నాను. పలకరించను కూడా లేదు.

ఆవిడ నా గొడుగు వైపు చూసి, "లోపలికి రండి. మూడేళ్ళ నుంచీ మీ కోసమే చూస్తున్నాను. నేనై వస్తే ఏమనుకుంటారో అని రాలేదు" అంది. అలమార తెరిచి ఒక మందు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. నిండా రాళ్ళు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మీరు నేర్పినదే కదా. అన్నీ మొద్దు అంచులే. ఒక్కటంటే ఒక్కటి కూడా అసలుది లేదు.

దొంగ మంచివి తీసి గాజువి పెడతాడు గానీ, గాజువి తీసి సీసాలో దాచుకోడు కదా.

"ఆయన మొదట కొన్నది స్టేషన్ దగ్గర ఎవడో అమ్మినది" అంది లుద్మిలా. "అసలైన క్రిస్టల్ అని నమ్మి కొన్నారు. ఏడాది తర్వాత షాపు భూతద్దం కింద పెట్టి చూసుకుంటే అంతా అచ్చు గాజని తేలింది. అప్పటికే మీరు ఊరంతా చూపించేశారట. ఏం చెయ్యగలరు? ఏడాదికి ఒక రాయి. యాబ్లొనెట్స్ కొండల నుంచి రాళ్ళు చెక్కేవాళ్ళు ఎవరో వచ్చేవాళ్ళు. ఆయన దగ్గుమందు ఇచ్చేవారు, వాళ్ళు రాయి ఇచ్చేవాళ్ళు. ఒక్క రాయి బిగించడానికి వారం పట్టేది. చేతులు వణికేవి, కొక్కేలు వంకరపోయేవి, ఆయన తిట్టుకునేవారు. నేను దీపం పట్టుకునేదాన్ని. అంతకు మించి నాకేం సంబంధం లేదు."

తీసిన గాజు ముక్కలు ఎందుకు దాచారని అడిగాను. "పారేస్తానంటే ఒప్పుకోలేదు. మొదటి ఏడాది ఆవిడని సంతోషపెట్టింది ఇవే కదా, అన్నారు" అంది.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి కూర్చున్నాను. వదినా, మీరు జీవితమంతా రాళ్ళే చూశారు గానీ, వాటిని పట్టుకున్న కొక్కేల వైపు చూడలేదు. మెడ వెనక నకిలీ రాళ్ళ కొక్కేలని ఎవరూ ముట్టుకోలేదు. వంకరటింకరగా విప్పి మూసినవన్నీ అసలు రాళ్ళవే. సీసాలో ఉన్నవీ, హారంలో అసలువీ లెక్కపెట్టాను. సరిగ్గా సమానం. మధ్య రాయితో మొదలుపెట్టి, కనబడే చోటు నుంచి కనబడని చోటుకి వెళుతున్నాడు. మెడ వెనక ఇంకో తొమ్మిది ఉన్నాయి. అక్కడిదాకా వెళ్ళేలోపు పోయాడు.

హినెక్ నాతో అబద్ధం ఆడలేదని నమ్మానన్నాను కదా. ఆడాడు. ఆడి, ఏడాదికి ఒక రాయి చొప్పున దాన్ని నిజం చేసుకుంటూ వచ్చాడు. నేను ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో తెలియక కాసేపు, తెలిసి కాసేపు.

ఓటకర్‌ని పిలిచి హారం చేతిలో పెట్టి అంతా చెప్పాను. "తొమ్మిది ఉన్నాయి. తొందర లేదు. ఏడాదికి ఒకటి చాలు" అన్నాను. అతను తల వంచి, "అమ్మా, నేను ట్రాము నడిపేవాణ్ణి, నా చేతులు వణకవు" అన్నాడు. ఆ పూట పన్నెండు ఉండలు తిన్నాడు. రాళ్ళ సంగతి మీరు చూసుకోవాలి. ఎగుమతి పెట్టెల గురించి నేనేమీ అడగను. దగ్గుమందు మాత్రం మా షాపులో ఇప్పటికీ దొరుకుతుంది.

లుద్మిలాని కూడా పెళ్ళికి పిలిచాను. వ్లాస్తాకి ఆమె హారం తిరిగి ఇచ్చేటప్పుడు ఏమీ చెప్పలేదు. కానీ నా మొహంలో ప్రశాంతత చూసి ఆమెకే అనుమానం వచ్చినట్టుంది, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళింది.

పిండి కలిపాను. కొలాచ్‌లు ఈ పెట్టెలో ఉన్నాయి, పక్కన జున్ను కూడా. మేకకి క్షమాపణలు చెప్పండి.

మీ
హెర్మీనా

తా.క. రాద్కాకి ఇదంతా చెప్పలేదు. ఇలాంటి హారాన్ని కడగడానికి వారం రోజులు పడుతుందని, అది మగవాళ్ళ పని అని మాత్రం చెప్పాను. నమ్మలేదు. మార్చి 25న మీరు రాసిన ఉత్తరం చూపించాను. మీ మాట మీద నమ్మింది.